కొత్త గుంతలో మొదటి సీసా

అప్పర్ థోర్నింగ్, నార్ఫోక్
1977 ఫిబ్రవరి 20

సిరిల్‌కు,

నీ ఉత్తరం అందింది. సముద్రపు గాలికి నీ దగ్గు కాస్త తగ్గిందని మీ చెల్లెలు ఐడా కింద రాసిన రెండు ముక్కలు చదివి సంతోషించాను. ఉత్తరాలు రాయడం నాకు అంతగా చేతకాదు. నువ్వు ఈ ఊళ్ళో ఉన్నప్పుడు రాయాల్సిన పని లేదు. మాట్లాడాల్సిన పని కూడా లేదు, ఇద్దరి వంతూ నువ్వే మాట్లాడేవాడివి.

మనం పాత సీసాల కోసం తవ్వే చెత్తగుట్టలో పని అయిపోయినట్టే. బూడిద పొర బాగా పలచబడింది. పోయిన వారం రెండు సిరాబుడ్లు, మెడ విరిగిన గోలీసోడా సీసా ఒకటి దొరికాయి. గోలీ లేదు. ఆ కాలం పిల్లలెవరో సీసా పగలగొట్టి పట్టుకెళ్ళినట్టున్నారు. గుంత పూడ్చి, గడ్డి పెళ్ళలు తిరిగి పరిచి వచ్చాను. గుంత అంచున నిలబడి చూసే మనిషి లేడు కాబట్టి నడుములోతు దాటి దిగడం లేదు. నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను.

ఇటుకబట్టీ వెనక ముళ్ళపొదల గట్టు మీద వెతుక్కోమని రైతు ఒప్పుకున్నాడు. ఎండలు రాగానే, మట్టిలో ఇనుముంటే కూసే మన డిటెక్టర్ పట్టుకుని వెళ్తాను.

మిసెస్ లార్టర్ చర్చి గేటు దగ్గర కనిపించి నీ ఆరోగ్యం అడిగారు. బాగానే ఉన్నాడన్నాను.

వాల్టర్


బ్లాక్‌పూల్
మార్చి 6

ఒరే వాల్టర్,

"అడిగారు. బాగానే ఉన్నాడన్నాను." బడిపంతులు లార్టర్ పోయాక ఆయన భార్యతో నువ్వు ఆడిన మాటల్లో ఇదే పొడుగైనదనుకుంటా. ఆవిడ అడిగింది నా గురించి కాదురా మొద్దూ. నీతో మాట కలపాలంటే నా దగ్గు తప్ప పాపం ఆవిడకు ఇంకేం దొరుకుతుంది? ఈసారి అడిగితే నేను చావుబతుకుల్లో ఉన్నానని చెప్పు. ఇంకో నిమిషం నిలబడుతుంది.

ఇక్కడ నా బతుకు ఐడా చేతిలో ఉంది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకోమంటుంది, వేపిన చేప తిననివ్వదు. డిటెక్టర్ తీసుకుని ఇసుకలోకి వెళ్తే బీరు డబ్బాల రింగులు, ఒకరి కట్టుడు పళ్ళు దొరికాయి. పళ్ళు నావి కావని ఐడాను నమ్మించడానికి నా నోరు తెరిచి చూపించాల్సి వచ్చింది. సీసాలు తవ్వే చోటే లేదు. నాకు మన బూడిద వాసన కావాలి.

కొత్త గుంత మొదలుపెడుతున్నావు కాబట్టి మన రివాజు గుర్తుంచుకో. మొదట బయటికొచ్చిన సీసా ఎంత బాగున్నా మనం ఉంచుకోకూడదు, ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. లేకపోతే గుంత ఎండిపోతుంది, ఇంకేమీ దొరకదు. ఇన్నేళ్ళూ నీది నాకు, నాది నీకు ఇచ్చుకుని నెగ్గుకొచ్చాం. ఇప్పుడు నేను లేను గదా అని నీ అల్మరాలో పెట్టుకున్నావంటే ఊరుకోను.

సిరిల్


అప్పర్ థోర్నింగ్
మే 7

సిరిల్‌కు,

మంచి వార్త. ఇటుకబట్టీ గట్టు మీద డిటెక్టర్ కూసింది. మేకుకో గుర్రపు నాడాకో కూసే కూత కాదు. హెడ్‌ఫోన్లు తీసేసినా వినిపించే కూత. బారెడు మేర ఎక్కడ ఆడించినా అదే. పొదల వేళ్ళు నరికి మోకాలిలోతు తవ్వితే ఇనప పట్టీలు కొట్టిన చెక్కపెట్టె బయటపడింది. పైచెక్క పుచ్చిపోయింది. లోపలంతా సీసాలు. ఒక్కటీ పగల్లేదు. ఒక్కో గూట్లో ఒక్కోటి నిలబడి ఉన్నాయి.

ఇలాంటివి నేనెప్పుడూ చూడలేదు. తెల్లగాజు, చిన్న సోడా సీసా అంత. పైన రేకుమూత. కంపెనీ పేరు లేదు, ఊరి పేరు లేదు. అన్నీ నిండుగా ఉన్నాయి. లోపల పసుపు నీళ్ళ లాంటిది, అడుగున తెల్లటి మడ్డి, మధ్యలో గోధుమరంగు పేలిక లాంటిది. అల్లం ముక్కో, ఏదైనా మందు వేరో అయి ఉంటుంది. సరుకుతో సహా సీసా దొరకడం మనకెప్పుడైనా జరిగిందా?

తోపుడుబండిలో ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టాను. ఒకదాన్ని బ్రష్షుతో తోమి గుడ్డతో తుడిచాను. వెలుతురులో పట్టుకుంటే తేనె రంగు. మూత తీసి వాసన చూద్దామనిపించింది గాని నువ్వు లేకుండా తెరవబుద్ధి కాలేదు.

ఏ కంపెనీదో నీకు తెలుస్తుందేమో ఆలోచించి రాయి. మన రివాజు మర్చిపోలేదు.

వాల్టర్


బ్లాక్‌పూల్
మే 9, సోమవారం

ఒరే వాల్టర్,

తెరవకు. షెడ్డులోకే వెళ్ళకు. ఈ ఉత్తరం కంటే ముందే కానిస్టేబుల్ రడ్ మీ ఇంటికొస్తాడు. ఐడా కోటు వేసుకుని ఫోన్ చెయ్యడానికి పరుగెత్తింది. నా చెవులకు ఫోను పనికిరాదు కాబట్టి ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వకు.

అది అల్లం కాదు, రబ్బరు ముక్క. యుద్ధంలో నువ్వు ఎడారిలో ఉన్నావు, నీకు తెలిసే దారి లేదు. నేను ఈ కుంటికాలితో ఇంటిదగ్గర మిగిలిపోయి ఊరి కాపలాకు కూడగట్టిన ముసలాళ్ళ పటాలంలో చేరాను. జర్మన్లు దిగితే వాళ్ళ ట్యాంకుల మీద విసరమని మాకు అలాంటి సీసాలే ఇచ్చారు. లోపల ఉన్నది భాస్వరం, పెట్రోలు లాంటి నూనె. పగిలితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేదు, గాలి తగలగానే అంటుకుంటుంది. ఒంటిమీద పడితే నీళ్ళలో ఉన్నంతసేపే ఊరుకుంటుంది. ఆరితే మళ్ళీ మండుతుంది. ఎండ తగలని చోట పాతిపెట్టమన్నారు. మా వాటా రైలు వంతెన కింద పాతి, యుద్ధం అయ్యాక తీసి అప్పగించాం. ఇటుకబట్టీ వైపు పక్కూరి దళానిది. వాళ్ళ సార్జంటు ఎక్కడ పాతాడో ఎవరికీ చెప్పకుండానే పోయినట్టున్నాడు.

ఇన్నేళ్ళకు ఆ మూతలు తుప్పుపట్టి ఉంటాయి. అలాంటిదాన్ని నువ్వు బ్రష్షుతో తోమావు. గతుకుల బాటలో తోపుడుబండి మీద తోసుకొచ్చావు.

ఐడా తిరిగొచ్చింది. రడ్ బయల్దేరాడట. వెంటనే రాయి.

సిరిల్


అప్పర్ థోర్నింగ్
మే 11, బుధవారం

సిరిల్‌కు,

రడ్ వచ్చి షెడ్డుకు తాళం వేశాడు. నిన్న సైన్యంవాళ్ళు వచ్చారు. ఇసుక పోసిన లారీలో పెట్టె ఎక్కించి, బట్టీవాళ్ళ పాత మట్టిగుంతలోకి తీసుకెళ్ళి కాల్చేశారు. మమ్మల్నందర్నీ దూరంగా గట్టు మీద నిలబెట్టారు. తెల్లటి పొగ చర్చి శిఖరం ఎత్తున లేచింది. ఊరంతా దాన్ని చూసింది. తరవాత నన్ను చూసింది. వాల్టర్ బాంబులు తవ్వాడని చెప్పుకుంటున్నారు. పబ్బులో నాకు కుర్చీ బదులు ఇసుక బకెట్ వేస్తానని పబ్బు యజమాని అన్నాడట. నేను అటు వెళ్ళలేదు.

వాళ్ళ ఆఫీసరు వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. పెట్టెలో ఒక గూడు ఖాళీగా ఉందేమని అడిగాడు. తవ్వినప్పుడే ఖాళీగా ఉందని చెప్పాను. సరేనన్నాడు.

డిటెక్టర్ అటక ఎక్కించాను. నువ్వూ ఐడా చేసిన మేలు మర్చిపోను.

ఎండ ముదిరింది. ఇంకేం విశేషాలు లేవు.

వాల్టర్


బ్లాక్‌పూల్
మే 12, గురువారం

ఒరే వాల్టర్,

నీకు అబద్ధం ఆడటం రాదు. రాకపోతే మానెయ్యాలి.

రివాజు మర్చిపోలేదని రాశావు. మర్చిపోవని నాకు తెలుసు. మొదటి సీసా ఎవరికో ఇచ్చావు. ఆ ఆఫీసరుకు మన సంగతి తెలియదు కాబట్టి నీ మాట నమ్మాడు. ఎవరికిచ్చావు? పాస్టరుకా? పబ్బువాడికా? వాడికైతే ఈపాటికి మూత తీసి గ్లాసులో పోసేవాడు, సగం వీధి ఎగిరిపోయేది, నువ్వు రాయకపోయినా నేను పేపర్లో చదివేవాణ్ణి.

నువ్వు నా దగ్గర పేరు దాచే మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. కానీ నా ఊహ పట్టుకుని రడ్‌ను తప్పు ఇంటికి పంపిస్తే అసలు ఇంట్లో సీసా అలాగే ఉండిపోతుంది. అందుకని నువ్వే చెప్పాలి.

ఇది నవ్వులాట కాదురా. మా దళంలో ఒకడి చేతి మీద చుక్క పడింది. ఒక్క చుక్క. వాడు మళ్ళీ ఆ చేత్తో చెంచా పట్టుకోలేదు. నువ్వు ఇచ్చింది నిండు సీసా.

శనివారం పొద్దుటి టపాలో పేరు రాకపోతే, ఊళ్ళో ప్రతి ఇల్లూ వెతకమని ఐడా చేత రడ్‌కు ఫోన్ చేయిస్తాను. ఆ తరవాత నువ్వు నాతో మాట్లాడ్డం మానేసినా సరే.

సిరిల్


అప్పర్ థోర్నింగ్
మే 13, శుక్రవారం

సిరిల్‌కు,

మిసెస్ లార్టర్‌కు ఇచ్చాను.

చేతికి ఇవ్వలేదు. ఆవిడ చర్చికి వెళ్ళిన సమయం చూసి, న్యూస్‌పేపర్లో చుట్టి గుమ్మం మెట్టు మీద పెట్టి వచ్చాను. పేరు రాయలేదు. మర్నాడు చూస్తే వీధి వైపు కిటికీ గట్టు మీద ఉంది, పూలకుండీ పక్కన. పొద్దుటి ఎండలో బాగుంది. నాకు అటు పని లేకపోయినా ఆ సందులో ఇంకోసారి నడిచాను. ఇది ఐడాకు చెప్పకు.

ఆఫీసరు గూడు ఖాళీ ఏమని అడిగినప్పుడు చుట్టూ ఊరంతా ఉంది. ఆవిడ కూడా ఉన్నారు. ఆ పేరు నా నోటి నుంచి వస్తే రడ్ భార్య వారం రోజులు దుకాణంలో ఆ కథే చెబుతుంది. మిసెస్ లార్టర్ తలవంచుకుని నడవాల్సి వస్తుంది. సాయంత్రం నేనే వెళ్ళి, మెల్లగా చెప్పి, వెనక్కి తెచ్చేద్దామనుకున్నాను. వెళ్ళాను. కిటికీలో సీసా లేదు.

పొయ్యి పక్కన పెట్టారో, ఎవరికైనా ఇచ్చేశారో తెలియదు. గేటు గడియ మీద చెయ్యి వేశాను. లోపల రేడియోలో ఎవరో పాడుతున్నారు. తిరిగి వచ్చేశాను. తరవాత వెళ్ళినా అంతే. ఏం చెప్పాలో దారిలో అనుకుంటాను, గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటా ఉండదు. ఆ సందు వైపు తలుపు చప్పుడైనా లేచి వెళ్ళి చూస్తున్నాను.

నా సంగతి నాకు తెలుసు. వెనక ఎవరో తరుముతుంటే తప్ప ఆ గేటు దాటను. అందుకే పేరు రాసి పంపుతున్నాను. రేపు పొద్దున ఇది నీ చేతికి వస్తుంది. వచ్చాక ఐడా ఫోన్ చేస్తుంది, చెయ్యాలి కూడా. రడ్‌కు తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది. ఆవిడ ఇంట్లో అలాంటిది ఉందని పోలీసు నోట వినకూడదు. ఆ లోపు నేను వెళ్ళి చెప్పాలి.

టపా డబ్బాలో వేశాక ఇది నా చేతిలో ఉండదు. వేస్తున్నాను.

వాల్టర్


బ్లాక్‌పూల్
మే 14, శనివారం

ఒరే వాల్టర్,

పొద్దున నీ ఉత్తరం చూడగానే ఐడా టిఫిన్ వదిలేసి వీధి ఫోనుకు పరుగెత్తింది. రడ్ ఇంట్లో లేడట. ఆయన భార్య ఎత్తింది. ఐడా మిసెస్ లార్టర్ పేరు చెప్పీ చెప్పక ముందే, చర్చి సందు వైపు తెల్లటి పొగ లేస్తోందంటూ ఆవిడ ఫోను ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్ళిపోయింది. పెట్టెయ్యలేదు. ఐడా చిల్లర అయిపోయేదాకా పట్టుకుని నిలబడింది. కుక్క మొరగడం, తలుపు గాలికి కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినిపించలేదట. అప్పటినుంచి ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్ మోగుతోంది.

తెల్లటి పొగ అంది. అది ఏమిటో నాకు తెలుసు.

రైలెక్కుతానంటే ఐడా నా బూట్లు దాచింది. మెట్లెక్కితేనే ఆయాసపడేవాడివి, వెళ్ళి ఏం చేస్తావంది. నిజమే. నేను నిన్ను అలా తరిమి ఉండకూడదేమో. తరమకుండా ఉండకూడదేమో. పొద్దుటినుంచి ఈ రెంటి మధ్యే తిరుగుతున్నాను.

ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టి అయినా సరే రాయి. నువ్వు రాయలేకపోతే ఎవరి చేతనైనా రాయించు.

సిరిల్


అప్పర్ థోర్నింగ్
మే 15, ఆదివారం

సిరిల్‌కు,

దస్తూరి చూసి కంగారు పడకు. చెప్పేది నేనే. కుడిచేతికి కట్టు ఉంది, అందుకని మిసెస్ లార్టర్ రాస్తున్నారు. వేళ్ళు కదులుతున్నాయి.

సీసా పోయింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. ఐడాకు చెప్పు. ఇవాళ టపా లేదు, రేపటి మొదటి టపాలో వేయిస్తాను.

బాగానే ఉన్నాను.

వాల్టర్

సిరిల్ గారికి,

ఆయన ఇంతే రాయమన్నారు. అక్కడ ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటే ఇది చాలదని నేనన్నాను. ఆయన తోటలోకి చూస్తూ ఊరుకున్నారు. ఊరుకున్నారంటే వద్దనలేదని అనుకుని మిగతాది రాస్తున్నాను.

శనివారం పొద్దున తలుపు తట్టారు. తీస్తే, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏ పనిమీద వచ్చారో చెప్పడానికి ఆయనకు కాస్త వ్యవధి కావాలని ఊళ్ళో అందరికీ తెలుసు. లోపలికి రమ్మని నా పనిలో నేను పడ్డాను. ఆ సీసా మా ఆయన దగ్గర చదువుకున్న పిల్లలెవరో పెట్టి వెళ్ళారనుకున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో ఒకటి మెట్టు మీద వదిలి వెళ్తుంటారు. వాల్టర్ గారు తవ్వింది బాంబులంటే నేను ఇనప గుండ్లనుకున్నాను. గట్టు చివర నిలబడ్డ నాకు ఆఫీసరు మాటలు వినపడలేదు, కనిపించింది లారీ, పొగ. అంతే.

ఆ పాత నీళ్ళు పారబోసి అందులో లైలాక్ పూలు పెట్టుకోవాలని నా కోరిక. మూత బిగుసుకుపోయింది. కిటికీలోంచి తీసి నూనె రాసి ఉంచాను, కదల్లేదు. ఆ పొద్దున వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, పొయ్యి గట్టు మీద పెట్టాను. ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చేసరికి నా చేతిలో ఓపెనర్ ఉంది.

"దాన్ని ముట్టుకోకండి, ఆలివ్" అన్నారు.

నా పేరు ఆయనకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. ఆగిపోయాను. ఆయన నన్ను దాటి వెళ్ళి గిన్నెను గిన్నెగానే ఎత్తారు, నీళ్ళతో సహా. నన్ను ముందు వీధిలోకి వెళ్ళమని తలతో సైగ చేశారు. నేను వెళ్ళలేదు. పెరటి మెట్టు దిగేటప్పుడు సీసా గిన్నె అంచుకు తగిలింది. గట్టిగా కూడా కాదు. మూత పక్కనుంచి తెల్లటి పొగ చిమ్మింది, వెల్లుల్లి వాసన కొట్టింది. గిన్నెనూ సీసానూ మోచేతులదాకా వాననీటి పీపాలో ముంచేశారు. నీళ్ళ పైన బుడగలు లేచి, ఒక్కో బుడగా పగిలి పొగ అవుతోంది. ఆయన చేతులు బయటికి తీసి నా వైపు తిరిగి, మీకేమైనా తగిలిందా అని అడిగారు. అడుగుతుండగానే ఆయన చొక్కా చెయ్యి పొగలు కక్కడం మొదలుపెట్టింది.

ఆయన ఒక్క మాటే అన్నారు. "నీళ్ళు" అన్నారు. నేను ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని పక్కనున్న బట్టల తొట్టిలోకి నొక్కాను. బయటికి తియ్యబోయారు, మీకు తగులుతుంది వదలండన్నారు. వదల్లేదు. నాకు ఆయనకంటే బలం ఎక్కువని కూడా అప్పుడే తెలిసింది.

ఆ పొగ చూసి సందంతా వచ్చింది. రడ్ భార్య చేతులకంటిన పిండి కడుక్కోకుండానే వచ్చింది. ఆ వెనక సైకిలు మీద రడ్ వచ్చాడు. పెరటిగోడ మీదుగా వంగి, ఈ ఇంట్లోకి ఇది ఎవరు తెచ్చారని అడిగాడు. నాకు ఏదో ఒకటి చెప్పెయ్యాలనిపించింది. పిల్లలెవరో పెట్టారని చెబితే నమ్మేవాళ్ళే. ఆయన మొహం పాలిపోయి ఉంది, చెయ్యి ఇంకా తొట్టిలోనే ఉంది.

"నేనే తెచ్చాను. ఆవిడకని తెచ్చాను" అన్నారు.

గోడ అవతల అందరూ విన్నారు. పబ్బు యజమాని కూడా ఉన్నాడు. అంబులెన్సు వచ్చేదాకా నేను ఆ చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయి.

మణికట్టు పైన లోతుగా కాలింది. మచ్చ ఉండిపోతుందనీ, చెయ్యి మాత్రం పనికొస్తుందనీ డాక్టరు అన్నాడు. సైన్యంవాళ్ళు పీపాను తీసుకెళ్ళారు. గట్టంతా వెతికేదాకా ఎవరూ అటు అడుగు పెట్టకూడదని తాడు కట్టారు. ఆయన ఒంటి చేత్తో వండుకోలేక అవస్థ పడకుండా నేను ఇక్కడే భోజనం చెయ్యమన్నాను. ఊళ్ళో ఏమనుకుంటారో అన్నారు. అనుకోవాల్సిందంతా నిన్న గోడ మీది నుంచే అనుకున్నారని చెప్పాను.

బాగానే ఉన్నానని రాయమన్నారు. అంత బాగా లేరు. నొప్పికి పెదవి కొరుక్కుంటున్నారు. ఎడమచేత్తో కప్పు పట్టుకోవడం రాక సగం సాసరులో పోసుకుంటున్నారు. ఇందాక నేను ఇది రాస్తుంటే కప్పును మెల్లగా నా వైపు జరిపి, ఇంకొంచెం టీ ఉందా అని అడిగారు.

ఈ వంటింట్లో నన్ను ఎవరైనా ఏదైనా అడిగి చాలా కాలమైంది. నీళ్ళు మరుగుతున్నాయి, ఇక ఆపుతాను.

ఆలివ్ లార్టర్